నాలుగు గుడ్డుసంచులు

భవ్య చేసిన తప్పు చూడ్డానికి చాలా శుభ్రంగా ఉండేది.

రెండేళ్ళ కిందట వాడరేవులో చేపల సర్వే ఉద్యోగంలో చేరింది. ఏ పడవలో ఏ చేప ఎన్ని వచ్చాయో రోజూ ఎక్కించడం ఆమె పని. ఎక్కించేది పుస్తకంలో కాదు, ఫోన్లో. ఆ యాప్ కూడా ఆమె చేతి చలవే. గుంటూరులో తనతోపాటు బీటెక్ చదివినవాళ్ళు అద్దాల మేడల్లో ఏసీలు ఎక్కువయ్యాయని స్వెట్టర్లు కొనుక్కుంటుంటే, ఈ పిల్ల చీరాలలో గది తీసుకుని, తెల్లారగానే ఆటో ఎక్కి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి చేపల కుప్పల మధ్య నిలబడేది. దర్శి దగ్గర మిరప వేసే వాళ్ళ నాన్నకి ఇది మింగుడుపడలేదు. "చేపలు లెక్కపెట్టడానికి బీటెక్కెందుకమ్మా, పదో తరగతి చాలుగా" అనేవాడు. తర్వాత తెలిసిందేమిటంటే, పదో తరగతి చాలు. బీటెక్ ఉండబట్టే చెడింది.

చేరిన వారంలోనే ఆదెయ్య పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి, ఎండకి మాడి పడవ చెక్క రంగులోకి వచ్చేశాడు. నలభై ఏళ్ళుగా వేటకి పోతున్నాడు. ఆరోజు అతని పడవలోంచి చేటలంత చేపలు కొన్ని, తలుపు చెక్కంత చేప ఒకటి దింపారు. అన్నీ పల్చగా, బల్లపరుపుగా, విసనకర్రకి తోక పెట్టినట్టున్నాయి.

"ఇదేం చేపండీ?" అంది భవ్య.

"టేకు."

"మరి ఆ పెద్దది?"

"అదీ టేకే. కాకపోతే ఇది మచ్చల టేకు, అది ముక్కు టేకు."

"అంటే రెండూ ఒకటేగా?"

ఆదెయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. "ఏ ఊరమ్మా మీది?"

"దర్శి దగ్గరండి."

"ఏం పండిస్తారు?"

"మిరప."

"మిరపకాయా, వంకాయా ఒకటేనా?"

"కాదండీ."

"రెండిటి పువ్వూ చూడు, అక్కాచెల్లెళ్ళలాగుంటయ్. అట్టాగని పులుసులో ఒకదాని బదులు ఇంకోటి వేస్తావా? ఇదీ అంతే." వంగి రెండు చేపల్నీ పక్కపక్కన లాగి చూపించాడు. చిన్నదాని వీపు మీద ఆవగింజలు చల్లినట్టు పసుపు చుక్కలు, మూతి గుండ్రం. పెద్దదానికి చుక్కల్లేవు. మూతి ముందుకు గరిటె కాడలా పొడుచుకొచ్చింది. "చూశావా ముక్కు? ఇది రాళ్ళ దరినే తిరుగుద్ది. ముప్పై బారల లోతున ఒక రాతి గుట్టుంది, గుడ్లు అక్కడే పెట్టిద్ది. మచ్చలదానికి ఆ పట్టింపు లేదు. ఇసకా, బురదా ఏదైనా దానికి పుట్టిల్లే."

భవ్య నవ్వింది. ఒక ఫోటో తీసింది. పెద్ద చేపని ఎత్తి పట్టుకున్న ఆదెయ్య, మూలన అడ్డొచ్చిన ఆమె బొటనవేలు. రెండు పేర్లూ ఎక్కించింది. అప్పటికే అవతల వేలంలో సరుకు కొన్న పాటదారు రెండు రకాల్నీ ఒకే కుప్పలోకి తోసి, రెక్కలు కోయించేస్తున్నాడు. కోశాక దేనిదేదో వాటిని పుట్టించిన దేవుడు కూడా చెప్పలేడు.

నెల తిరిగేసరికి యాప్‌లో ఆ ఒక్క చేపకే నాలుగు పేర్లు తేలాయి. టేకు, టేకుచేప, మచ్చల టేకు, ముక్కు టేకు. వేరే పడవలవాళ్ళు ఎలా పలికితే అలా ఎక్కించినవి. ఒక వస్తువుకి ఒక పేరే ఉండాలని నాలుగేళ్ళు కాలేజీలో నూరిపోశారు కదా. భవ్య కుర్చీలో వెనక్కి వాలి, కాఫీ తాగుతూ, నాలుగింటినీ కలిపి 'టేకు' చేసేసింది. సర్వర్ నిండిపోతోందని పాత ఫోటోలు కూడా తీసేసింది. ఇల్లు ఊడ్చినంత తృప్తి కలిగింది.

*

ఈ ఏడు జనవరిలో సీతారత్నం మేడం ఫోన్ చేసింది. ఆమె సర్వేకి పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఈ బల్లపరుపు చేపల మీదే పరిశోధన చేస్తోంది. మనుషుల్ని కూడా పైనుంచి చూసి గుర్తుపడుతుందని ఆఫీసులో జోకు.

"భవ్యా, నీ టేకు గ్రాఫు చూశాను."

"బాగుంది కదా మేడం? రెండేళ్ళూ ఒక్కటే లెవెల్."

"చాలా బాగుంది. అందుకే భయమేసింది. ఇందులో ముక్కు పొడుగ్గా ఉన్నవెన్ని?"

భవ్య యాప్‌లో వెతికింది. అంతా టేకు అనే ఉంది.

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. నిదానంగా చెప్పుకొచ్చింది. మచ్చల టేకు ఐదారేళ్ళకే ఈడుకొస్తుంది, ఏటా గుడ్లు విరివిగా పెడుతుంది, వలలో ఎన్ని పోయినా పూడ్చుకుంటుంది. ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో దాని పేరు పక్కన 'ప్రస్తుతానికి బెంగలేదు' అని ఉంటుంది. ముక్కు టేకుకి గుడ్లు పెట్టే వయసు రావడానికే పన్నెండేళ్ళు పైన పడుతుంది. పెట్టే నాలుగు గుడ్లూ పిల్లలవడానికి ఏడాది. అంత పెద్ద చేప వల కంట్లోంచి తప్పించుకోలేదు. దాని పేరు పక్కన 'తగినంత సమాచారం లేదు' అని ఉంటుంది.

"బెంగలేదు అనడం కన్నా అది ఘోరం భవ్యా. జబ్బని తెలిస్తే మందన్నా ఇస్తారు. ఈ తీరం మొత్తంలో రెండిటినీ విడివిడిగా రాసే అవకాశం మీ ఒక్క రేవులోనే ఉండింది. మీ ఆదెయ్యలాంటి మనిషి ఉన్నాడు కాబట్టి."

"నేనే కలిపేశాను మేడం."

"తెలుసు. ఆ జాబితా రాసే కమిటీ ఏప్రిల్ మొదటి వారంలో కూర్చుంటుంది. రెండేళ్ళుగా ఒక్క రుజువూ లేకపోతే ఈ తీరంలో ముక్కు టేకు లేదని రాసేస్తారు. లేనిదానికి కాపలా ఎవరూ పెట్టరు. ఒక్కటి చూపించు. చేప కాకపోయినా సరే, గుడ్డుసంచి చాలు. అది దొరికితే గుడ్లు పెట్టే చోటు ఇంకా బతికుందని అర్థం. ఆ చోటుని పెద్ద బోట్ల నుంచి కాపాడొచ్చు. ప్రాణంతో దొరికితే మరీ అదృష్టం, మా తొట్లలో పెంచి వదులుతాం."

ఫోన్ పెట్టేశాక భవ్య తన గ్రాఫు తెరిచింది. కింద ముక్కు టేకు ఖాళీ అవుతుంటే ఆ ఖాళీలోకి మచ్చల టేకు వచ్చి కూర్చుంది. పైన మాత్రం గీత నున్నగా, పరీక్షలో స్కేలు పెట్టి గీసినట్టుంది.

తిన్నగా రేవుకి పోయింది. ఆదెయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్, ముక్కు టేకు చూసి ఎన్నాళ్ళయింది?"

అప్పటికి అండీలు, గార్లు పోయి బాబాయ్ పిన్ని అయ్యారు. సుబ్బరావమ్మ, ఆదెయ్య భార్య, భవ్యకి అన్నం పెట్టకుండా పంపేది కాదు.

"ఏమోనమ్మా. పోయినేడు పడలా. అంతకుముందేడు, నువ్వొచ్చిన కొత్తలో, పదో పదకొండో పడ్డయ్. నీకు తెలవకపోవడమేంది, రాసుకున్నావుగా?"

"రాశాను." భవ్య ఇసకలో కూలబడింది. "తర్వాత చెరిపేశా బాబాయ్. రెండూ ఒకటేలే అని."

ఆదెయ్య చేతిలో వల అల్లే కండె ఆగింది. "చెప్పానుగదమ్మాయ్, మిరపా వంకాయా అని," అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

*

ఆ మర్నాటినుంచి భవ్య రేవంతా కలయతిరిగింది. గుడ్డుసంచి బొమ్మలు రెండు పెద్దగా అచ్చు వేయించి ప్రతి పడవవాడికీ, ఎండు చేపల ఆడవాళ్ళకీ చూపించింది. గుడ్డు చుట్టూ పెంకులా ఉండే నల్లటి తోలుసంచి, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. మచ్చల టేకుది అగ్గిపెట్టెంత, కొమ్ములు పొట్టి. ముక్కు టేకుది అరచేయంత, కొమ్ములు పొడుగ్గా మెలిదిరిగి ఉంటాయి.

"ఈ పెద్దదానికోసం ఎందుకమ్మాయ్ ఇంత అల్లాడిపోతన్నావ్?" అంది సుబ్బరావమ్మ. ఆమె నవారు మంచానికి పాత వల బిగించి, దానిమీద ఉప్పు చేపలు ఆరేస్తోంది. ఇసకలో ఆరేస్తే పళ్ళకింద పడుతుందని ఆమె సరుకంతా మంచాల మీదే. ఆ చుట్టుపక్కల సుబ్బరావమ్మ చేప అంటే ఆర్నెల్లయినా పురుగు పట్టదని పేరు.

"అది నేను పోగొట్టాను పిన్నీ. నేనే వెతికివ్వాలి."

"సముద్రంలో చేపని నువ్వు పోగొట్టడమేంది, పిచ్చిమొహమా!"

"పోగొట్టాన్లే. నీకు తర్వాత చెప్తా. ఇది కనపడితే మాత్రం పారెయ్యబాకండి. నేనొచ్చేదాకా పాడవకుండా ఉంచండి, ఫోన్ చెయ్యండి."

"పాడవకుండా ఉంచే పని నాకు చెప్తన్నావా?" సుబ్బరావమ్మ మంచాల వైపు చెయ్యి ఊపింది.

ఇద్దరూ నవ్వుకున్నారు.

మేడం ఒక అట్టపెట్టె పంపింది. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, ట్యూబు, దళసరి ప్లాస్టిక్ సంచులు. ఒకవేళ ప్రాణంతో దొరికితే అని. భవ్య దాన్ని చీరాల గదిలో మంచం కిందకి తోసింది. ఒడ్డుకి కొట్టుకొచ్చే ఖాళీ సంచి ఒకటి దొరికితే అదే పదివేలు అనుకుంది. అంతకన్నా ఆశపడే ధైర్యం లేదు. అందుకే 'ప్రాణంతో' అన్న మాట రేవులో ఎవరితోనూ అనలేదు.

మార్చి మూడోవారం దాకా ఏమీ దొరకలేదు. అప్పుడు నాన్న ఫోన్ చేశాడు. కాయంతా కల్లంలో ఉంది, మబ్బు పట్టింది, కూలీలు దొరకడంలేదు, రెండు రోజులు రమ్మన్నాడు. భవ్య బస్సెక్కింది.

వెళ్ళేసరికి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. కల్లం నిండా ఎర్రటి కాయ. చినుకు పడితే రంగు పోయి తాలవుతుంది. అమ్మా, నాన్నా, భవ్యా పారలతో కాయని గుట్టలుగా తోసి, పట్టాలు కప్పి, అంచులమీద రాళ్ళు పెట్టారు. చివరి గుట్ట కప్పుతుండగా వాన విరుచుకుపడింది. ఇంట్లోకొచ్చి తల తుడుచుకున్నాక చూసుకుంటే ఫోన్ లేదు.

"ఏ గుట్టలోనో పడుంటది," అన్నాడు నాన్న.

"తీసి చూద్దాం నాన్నా."

"వానలో పట్టా ఎత్తుతావా? ఏడాది కష్టం తల్లీ అది. రెండ్రోజులు ఫోన్ లేకపోతే కొంపలు మునగవులే."

భవ్య ఊరుకుంది. న్యాయమే అనిపించింది. నాన్న నంబరు నుంచి ఆదెయ్యకి చేద్దామంటే ఆ నంబరు తన ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు. పది అంకెలు గుర్తుపెట్టుకోవడం ఆమె తరానికి రాని విద్య.

మంగళవారం మొదలైన వాన బుధవారం కూడా వదల్లేదు. గురువారం మధ్యాహ్నానికి ఎండ కాసింది. పట్టాలు తీసి కాయ పరిచారు. పైపొర కాస్త మెత్తబడింది తప్ప బతికిపోయారు. నాన్న ఒక కాయని చెవి దగ్గర పెట్టి ఆడించాడు. గింజ గలగలమంది. "ఎండితేనేనమ్మా పంట. ఎండని కాయ పెంటకుప్పకి," అన్నాడు సంబరంగా. మూడో గుట్ట పరిచినచోట ఫోన్ బయటపడింది. ఎర్రగా, ఘాటుగా. ఛార్జింగు పెట్టి తెరిచింది.

ఆదెయ్య నుంచి పదకొండు కాల్స్. తొమ్మిది మంగళవారంవి, రెండు బుధవారంవి.

తిరిగి చేసింది. అవతల ఆదెయ్య గొంతు సముద్రపు హోరుని మించి అరిచింది. "అమ్మాయ్! దొరికినయ్! నాలుగు! కొమ్ములు పొడుగువి! రాతి గుట్ట దగ్గర వలకి తగులుకుని వచ్చినయ్!"

"బాబాయ్! జాగర్తగా ఉన్నాయా?"

"మీ పిన్ని చేతిలో ఉన్నయ్. దిగులేంది?"

భవ్య కల్లంలోనే గంతులేసింది. నాన్న నవ్వాడు. మిరపకాయల మధ్య ఎగిరిన మంట కళ్ళకెక్కి నీళ్ళు కారుతుంటే కూడా నవ్వుతూనే ఉంది. ఆ సంతోషం శుక్రవారం పొద్దుట వాడరేవులో ఆటో దిగేదాకా ఉంది.

*

సుబ్బరావమ్మ పాక ముందు మిగతా మంచాలన్నీ ఖాళీ చేసి ఉన్నాయి. నడిమి మంచం మీద, కొత్త వల ముక్క పరిచి, దానిమీద నాలుగు సంచులు పెట్టింది. పక్కన గొడుగు, కాకుల్ని తోలే కర్ర.

"చూస్కో," అంది. మొహం వెలిగిపోతోంది. "ఒక్క కొమ్ము విరగలా. మంగళారం వస్తావని చూశాం. నువ్వు ఫోనెత్తలా. బుధారం దాకా తడి గోనెలో చుట్టి ఉంచా. ఇంకట్టాగే ఉంచితే కుళ్ళిపోవా? నువ్వేమో పాడవకుండా చూడమంటివి. గురువారం పొద్దున్నే మెత్తటి ఉప్పు పట్టించి ఎండబెట్టా. గంటగంటకీ తిప్పా. అన్నానికి కూడా లేవలేదు, కావాలంటే మీ బాబాయిని అడుగు."

"లేవలేదు," అన్నాడు ఆదెయ్య. "నాకూ పెట్టలా."

భవ్య ఒక సంచిని చేతిలోకి తీసుకుంది. బరువుంది. ఖాళీ సంచి కాదు. ఆడిస్తే లోపల ఏదో మెల్లగా తగిలింది, గింజలాగా.

చెప్పాల్సింది తను. తడిగా ఉంచండి, సముద్రం నీళ్ళలో ఉంచండి అని నాలుగు మాటలు. ఈ రేవులో ఏదైనా దాచిపెట్టడమంటే ఎండబెట్టడమే. తన ఊళ్ళో మాత్రం? పుట్టినప్పటినుంచీ కల్లంలో పెరిగింది. పాడవకుండా ఉంచు అంటే ఈ నేలమీద ఎవరైనా ముందు ఎండ ఎక్కడుందో చూస్తారు. మేడంకి తెలియకపోతే అర్థముంది.

"కత్తివ్వు బాబాయ్."

అంచు వెంబడి కోసింది. తోలు విడిపోయింది. లోపల, చిన్న విసనకర్ర మడిచినట్టు, రెక్కలు వీపు మీదికి ముడుచుకుని, తోక చుట్టూ తిప్పుకుని ఒక పిల్ల ఉంది. గోధుమరంగు. కళ్ళు రెండు నల్లటి గింజలు. మూతి ముందు, సూదంత, ముక్కు. రేపో మాపో బయటికి రావాల్సింది.

ఆదెయ్య వంగి చూశాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

భవ్య రెండోది కోసింది. మూడోది. నాలుగోది. నాలుగిట్లోనూ ఉన్నాయి. నాలుగో పిల్ల తోక సంచి మూలకి, కొమ్ము దగ్గర సన్నటి చీలిక వైపు తిరిగి ఉంది. ఆ చీలికలోంచే లోపలికి నీళ్ళు రావాలి.

సుబ్బరావమ్మే ముందు నోరు తెరిచింది.

"ఇదేనమ్మాయ్, ఈ చివరిదే. నిన్న పొద్దున తిప్పుతుంటే చేతిలో కదిలినట్టనిపించింది. ఎండకి తోలు ముడుచుకుంటందిలే అనుకున్నా." ఆమె చెయ్యి మంచం పట్టె మీద ఆగిపోయింది. "బతికున్నయ్యా ఇవి?"

భవ్య ఆమె మొహం చూసింది. రెండేళ్ళుగా ఎన్ని పొద్దులు ఈ గుమ్మంలో అన్నం తిందో లెక్కలేదు. యాప్‌లో దానికి గడి లేదు.

"లేదు పిన్నీ. వలకి తగులుకున్నప్పుడే పోయుంటయ్."

"మరి కదిలిందే?"

"తోలు పిన్నీ. నువ్వనుకున్నదే కరెక్టు. మా కల్లంలో మిరపకాయలు కూడా ఎండేటప్పుడు కదుల్తయ్. రాత్రి మెత్తబడి, పొద్దున ఎండ తగలగానే చిటుక్కుమని ముడుచుకుంటయ్. చూస్తే ప్రాణమున్నట్టే ఉండిద్ది."

"అట్టనా?"

"అంతే."

"నిజంగా?"

"మిరపకాయల సంగతి నాకు చెప్తావా పిన్నీ?" భవ్య నవ్వింది. ఆ నవ్వుకి ఎంత ఖర్చయిందో ఆమెకే తెలుసు.

సుబ్బరావమ్మ తలూపింది. ఆదెయ్య మాత్రం భవ్య కళ్ళలోకి ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ళ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

చీరాల గదికొచ్చాక భవ్య మంచం కిందినుంచి అట్టపెట్టె లాగింది. టేపు కూడా విప్పలేదు. విప్పి, మోటారు తీసి, బకెట్లో కుళాయి నీళ్ళు పట్టి ప్లగ్గు పెట్టింది. బుడగలు బాగానే వచ్చాయి. పక్కన కూర్చుని ఏడ్చింది.

*

ఫోటోలు చూసి మేడం కేకపెట్టింది. "నాలుగు పిండాలు! ముక్కుతో సహా! ఎవరూ కాదనలేరు భవ్యా. పైగా చోటు కూడా తెలిసింది." గొంతు తగ్గించింది. "ఒడ్డుకొచ్చినప్పుడు బతికున్నాయా?"

"ఉన్నాయి మేడం."

"ఎన్నాళ్ళు?"

"గురువారం పొద్దున దాకా. ఒకటైతే మధ్యాహ్నం దాకానేమో."

మేడం, "ఫారంలో కారణం రాయాలి," అంది. "స్థానికులు ఎండబెట్టారని రాస్తే చాలు. పేర్లక్కర్లేదు."

భవ్య అలా రాయలేదు. 'సర్వే ఉద్యోగి సరైన సూచన ఇవ్వకపోవడం వల్ల' అని రాసి, కింద తన పేరు పెట్టింది. యాప్‌లో టేకు అన్న మాటని మళ్ళీ రెండుగా చీల్చింది. ఒకదానికింద మూడువేల పైచిలుకు వచ్చాయి, అందులో ఎన్ని తప్పో ఇక ఎవరికీ తెలియదు. రెండోదానికింద నాలుగు. స్థితి అన్న గడిలో రెండే ఎంపికలు పెట్టి ఉన్నాయి. అవీ తను పెట్టినవే. 'మరణించినవి' నొక్కి, ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఏప్రిల్లో కమిటీ కూర్చుంది. ముక్కు టేకు పేరు పక్కన 'తగినంత సమాచారం లేదు' తీసేసి, 'అంతరించిపోయే అంచున' అని రాశారు. ఏడాదిలో నాలుగు నెలలు రాతి గుట్ట చుట్టూ పెద్ద బోట్లు వలలు లాగకూడదని సిఫారసు చేశారు. పక్క పేజీలో మచ్చల టేకు ఎప్పటిలాగే బెంగలేని జాబితాలో ఉంది. మేడం అభినందనలు చెప్పింది. భవ్య థాంక్యూ మేడం అంది. ఇంతకన్నా మంచి ఫలితం రాదని తెలుసు. ఆ నాలుగూ తొట్లో ఈదుతున్నా ఇదే మాట రాసేవాళ్ళని కూడా తెలుసు.

అన్నాళ్ళూ సుబ్బరావమ్మ పాక వైపు పోకుండా తప్పించుకు తిరిగింది. పడవల దగ్గర పని చూసుకుని, తలనొప్పి అనీ, ఆఫీసు మీటింగనీ వెళ్ళిపోయేది. సుబ్బరావమ్మ పిలవలేదు. అదే ఇంకా కష్టంగా ఉండింది.

వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కాక, సర్వే కూడా ఆగింది. ఊరికి పోయేముందు చెప్పి వెళ్దామని ఒక పొద్దున భవ్య పాకకి పోయింది.

పాక చూరు కింద, ఎండ తగలని చోట, నీలంరంగు ప్లాస్టిక్ టబ్బు ఉంది. నిండా సముద్రం నీళ్ళు, పైన తడిపిన గోనె. సుబ్బరావమ్మ బిందెతో కొత్త నీళ్ళు మోసుకొస్తోంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి.

"ఇదేంది పిన్నీ?"

"నీళ్ళమ్మా. పొద్దునా సాయంత్రం మారుస్తన్నా. మురిగిపోతయ్ లేకపోతే."

"పడవలే పోవట్లేదు గదా ఇప్పుడు. ఏం వస్తయ్?"

"రాకపోతే నీళ్ళేగా, పోయిద్దేముంది?" బిందె వంచింది. టబ్బు అంచు దాటి నీళ్ళు ఇసకలోకి ఇంకిపోయాయి.

భవ్య అప్పుడు చూసింది. నడిమి మంచం మీద, నాలుగు సంచులు పెట్టిన చోటే, గుప్పెడు మిరపకాయలున్నాయి. బాగా ఎండి, ముదురు ఎరుపుకి తిరిగాయి. ఆ మంచం మీద చేప తప్ప ఇంకోటి ఆరేయగా ఎన్నడూ చూడలేదు.

సుబ్బరావమ్మ ఆమె చూపు ఎటుందో గమనించింది. బిందె కింద పెట్టింది.

"చీరాల సంతలో పచ్చిగా ఉన్నప్పుడే తెచ్చా. పండినవి ఏరి, ఎనిమిది రోజులు ఎండబెట్టా. పొద్దున ఎండ తగిలేటప్పుడు పక్కనే కూర్చుని చూశానమ్మాయ్, రోజూ." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కటీ కదల్లా."

భవ్య దగ్గర ఇక ఏ అబద్ధమూ మిగల్లేదు. వంగి, ఖాళీ బిందె తీసుకుని, నీళ్ళకి నడిచింది.